నాన్న తిట్టని పికప్పు

ఆ రెండు గిటారు పికప్పుల్లో ఏది ఉంచుకోవాలో మా ఇంట్లో అందరం కలిసి తేల్చాం. అన్నయ్య ఒక్కడే తేల్చుకుని ఉంటే వాణ్ణి నాలుగు దులిపి ఊరుకునేదాన్ని. ఇంటిల్లిపాదీ తలో మాటా వేసిన వ్యవహారం కాబట్టి ఎవర్ని దులపాలో తెలీక ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మండి ఏం లాభం? అయిపోయింది.

మాది మల్కాపురం. నా పేరు ప్రేమలీల, టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటర్ని. పొద్దస్తమానం చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని సన్నగొంతుతో "హలో, హలో" అని కూసే ఉద్యోగం. నాన్న జ్ఞానశేఖర్. రేవులో ఓడల రిపేరు కంట్రాక్టరు ఒకాయన దగ్గర వయసంతా ధారపోశాడు. ఓడ పొట్టలోకి దిగి, సుత్తి పుచ్చుకుని తుప్పు రాలగొట్టడం ఆయన పని. చుట్టూ ఇనుమే, కొట్టేదీ ఇనుమే, ఇక ఆ చప్పుడు ఎక్కడికి పోతుంది? మనిషి చెవుల్లోకే పోతుంది. చెవుల్లో దూది పెట్టుకోమని అమ్మ మొత్తుకునేది. "దూదెట్టుకుంతే పైనోడు 'తప్పుకో' అని అరిసినా ఇనపడదే, నెత్తి మీద ఏదైనా పడితే నువ్వొచ్చి ఏరుకుంతావా?" అనేవాడు. అలా ప్రాణం కాపాడుకున్నాడు గానీ చెవులు కాపాడుకోలేకపోయాడు.

పంతొమ్మిదొందల ఎనభై మూడు దసరాల నాటికి చెవుల డాక్టరు తేల్చి చెప్పేశాడు. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబడదు, ఏడాది గడిస్తే గొప్ప అన్నాడు. ఇంకా ఏవో వివరాలు చెప్పబోయాడు కూడా. అమ్మ ఏడుపు మొదలెట్టేసరికి ఆయన కలం మూసేశాడు, మేం బయటికి వచ్చేశాం.

మా నాన్నది మంచి బేస్ గొంతు. చర్చిని మేం గుడి అంటాం. మా గుడి పాటల జట్టు, అదే క్వయర్లో, కింది స్వరం ఆయనదే. ఏటా క్రిస్మస్‌కి మగవాళ్ళ వరసలో చివర నిలబడి ఆయన ఎత్తుకుంటే కింద నేల కదిలినట్టుండేది. చెవులు తగ్గడం మొదలయ్యాక ఒక ఆదివారం శ్రుతి తప్పాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు. నాన్న ఇంటికొచ్చి కీర్తనల పుస్తకం ట్రంకుపెట్టెలో పడేసి, మళ్ళీ క్వయర్ వైపు వెళ్ళలేదు. ఎందుకని ఎవరమూ అడగలేదు. ఆయన్ని అలాంటివి అడిగే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు.

మా అన్నయ్య సుందర్ రాజ్ పగలు రేవు ఆఫీసులో గుమస్తా, సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో గిటారిస్టు. పెళ్ళిళ్ళు, వినాయకచవితి పందిళ్ళు, ఉక్కునగరంలో అప్పుడప్పుడే లేస్తున్న క్వార్టర్ల దగ్గర కాలనీ ఫంక్షన్లు. పక్క ఊళ్ళ నుంచి కూడా వాడి కోసం మనుషులు వచ్చేవాళ్ళు. నాన్న మాత్రం ఒక్కసారి కూడా వాడు వాయించగా వినలేదు. "తాగి గంతులేసే కాడికి నానెందుకురా?" అనేవాడు. అమ్మ ఎంత బతిమాలినా కదిలేవాడు కాదు.

డాక్టరు మాట విన్న వారానికి అన్నయ్య నాన్న కుర్చీ ముందు నిలబడ్డాడు. ఇరవై ఎనిమిదేళ్ళ మగాడు, లుంగీ అంచు వేళ్ళకి చుట్టుకుంటూ, "నాన్నా, ఒక్కసారి నా గిటారు ఇంతావా?" అని అరిచి అడిగాడు. నాన్న వాడి మొహంలోకి చూశాడు.

"గుడిలో వాయించు. ముందు బెంచీలో కూకుని ఇంతాను."

అంతే అన్నాడు. అన్నయ్య వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి నా జడ పట్టుకుని గుంజాడు. "ఇంతానన్నాడే! ఇన్నావా, ఇంతానన్నాడు!" అని వాడు గెంతుతుంటే పొయ్యి మీద చారు పొంగి మంట ఆరిపోయింది. ఆ రోజు వాణ్ణి నేను తిట్టలేదు.

గుడిలో ఎలక్ట్రిక్ గిటారంటే మాటలా? గుడి సెక్రటరీ దయారత్నం గారు రిటైరైన హెడ్మాస్టరు, ఆయన దృష్టిలో హార్మోనియం తరవాత పుట్టిన వాయిద్యాలన్నీ సాతానువే. అన్నయ్య కమిటీ మెంబర్ల ఇళ్ళ చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగ్గొట్టాడు. చివరికి ఈస్టరు ఆరాధనలో ఒక్క పాటకి ఒప్పుకున్నారు. గుయ్యిమనే రొద ఉండకూడదు, సినిమా మోత వినపడకూడదు. ఈ రెంట్లో ఏది జరిగినా అక్కడికక్కడే ఆపేస్తామన్నారు. అన్నయ్య అన్నింటికీ తలూపాడు.

సరిగ్గా అప్పుడే గిటారు మూగబోయింది. మద్రాసులో సెకండ్‌హ్యాండ్‌గా కొన్న గిటారు అది, దానికి ఒకే ఒక్క పికప్పు. తీగల కింద ఉంటుందే చిన్న ముక్క, అయస్కాంతం మీద వెంట్రుకకన్నా సన్నని రాగితీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది, అది. తీగ ఆడితే ఆ కాయిలు పట్టుకుని ఆంప్లిఫయరుకి అందిస్తుంది. మన సముద్రపు ఉప్పుగాలి కిటికీ ఊచల్నే తినేస్తుంది, వెంట్రుకంత రాగితీగని వదుల్తుందా? లోపల ఎక్కడో కొరికేసింది. రేడియో మెకానిక్కులు చేతులెత్తేశారు. అలాంటి వస్తువు మన ఊళ్ళో దొరకదు, ఓడ మీద రావలసిందే.

ఓడంటే మాకు వరహాలే గుర్తొస్తాడు. అన్నయ్యకి చిన్నప్పటి స్నేహితుడు, మా వీధి వాడే, సరుకు ఓడలో ఖలాసీ. జనవరిలో వాడి ఓడ రేవుకొచ్చింది. వచ్చినవాడు చొక్కా జేబులోంచి రెండు చిన్న పొట్లాలు తీసి మా చాప మీద పెట్టాడు.

"ఒరే బావా, జపాన్‌లో రెండు దొరికినాయి. ఒకటి నీది, నా తరపున. రెండోది మద్రాసులో ఒకడికి మాటిచ్చీసినాను. రెండూ బిగించి సూసుకో, ఏది కావాలో నువ్వే ఏరుకో. శనివారం ఓడెక్కీస్తాను, ఆలోగా తేల్చు."

ఒకటి ఒంటి కాయిలు పికప్పు. రెండోదాంట్లో రెండు కాయిళ్ళు పక్కపక్కన ఉన్నాయి. ఒంటి కాయిలుది గంట కొట్టినట్టు తేట గొంతు, కాకపోతే చుట్టుపక్కల ట్యూబులైటు ఉంటే ఆ రొద కూడా పట్టేసుకుంటుంది. సినిమా పాటలకి గొంతు గరగరలాడించే ఫజ్ పెట్టె తగిలించామా, పీలగా కీచుమంటుంది. జంట కాయిలుది లావు గొంతు, రొద ఉండదు, గరగరకి అదే మొనగాడు. మామూలుగా వాయిస్తే కాస్త మసక.

"జంటదే ఏసుకోరా," అన్నాడు వరహాలు. "దీనికి నాలుగు వైర్లున్నాయి. చిన్న స్విచ్చి ఎడితే, ఇటు నొక్కితే రెండు కాయిళ్ళూ పలుకుతాయి, అటు నొక్కితే ఒకటే పలుకుద్ది. గుడికీ ఇదే, పెళ్ళికీ ఇదే. అక్కడ కుర్రోళ్ళందరూ ఇదే ఏసుకుంతన్నారు."

అన్నయ్య మనసూ దాని మీదే ఉంది. వాడి మొహం చూస్తే తెలుస్తోంది, కొత్త బట్టలు చూసిన పిల్లాడిలాగ. కానీ వాడన్నాడు, "రెండూ నాన్నకి ఇనిపించాల. నాన్నకి ఏది నచ్చితే అది."

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్న మెచ్చుకోడు. పుట్టిన దగ్గర్నుంచీ ఆయన నోట "బాగుంది" అన్న మాట మేం వినలేదు. కూర బాగుంటే మాట్లాడకుండా తిని చెయ్యి కడుక్కుంటాడు. ఉప్పెక్కువైతే అప్పుడు నోరు తెరుస్తాడు. నాకు ఎస్సెల్సీలో ఫస్టుక్లాసు వస్తే పేపరు మడిచి పక్కన పెట్టి "టీ ఎట్టు" అన్నాడు. అమ్మ నన్ను చాటుకి తీసుకెళ్ళి బుగ్గలు పుణికింది, "మీ నాన్న ఏటీ అన్నేదు, సూసినావా!" అని. తిట్టలేదంటే మెచ్చుకున్నట్టు. ఆ లెక్కతోనే మేం పెరిగాం, ఆ లెక్కతోనే పండగ బట్టలు ఎంచుకున్నాం, నా ఉద్యోగం దరఖాస్తు కూడా ఆ లెక్కతోనే పంపాం. ఎప్పుడూ తప్పలేదు.

ఆ సాయంత్రం జంట కాయిలు, దాని స్విచ్చితో సహా బిగించాడు. నాన్న ఎప్పటిలాగే వరండాలో మడతకుర్చీ వేసుకుని, కళ్ళజోడు తగిలించుకుని బైబిలు ముందు పెట్టుకున్నాడు. అన్నయ్య ముందుగది గుమ్మంలో స్టూలు మీద కూర్చుని మొదలెట్టాడు. మొదట ఫజ్‌తో కాస్త, తరవాత ఫజ్ తీసేసి కీర్తనే. ఆ గొంతుకి కిటికీ రెక్కలు అదిరాయి. నాకు భలే నచ్చింది, నిజం చెప్పొద్దూ.

నాలుగు వరసలు కాకుండానే నాన్న పుస్తకం మూశాడు.

"ఏటిరా ఆ గోల! ఇంట్లో పిండిమిల్లు ఎట్టీసినావేటి?"

అన్నయ్య వాల్యూం తగ్గించాడు. ఇంకో నిమిషానికి మళ్ళీ, "ఇంకా ఆడతన్నాదేటి నీ మిల్లు? కట్టీరా బాబూ!"

అన్నయ్య కట్టేశాడు. స్విచ్చి అటు నొక్కి చూడనే లేదు. పికప్పు విప్పి పొట్లంలో పెట్టి, అన్నం సగంలోనే లేచిపోయాడు.

మర్నాడు ఒంటి కాయిలు. తేటగా, సన్నగా, గాజుగిన్నెని చెంచాతో తట్టినట్టు ఒక్కో స్వరం వచ్చి నిలబడింది. నాన్న పేజీ తిప్పాడు. అన్నయ్య నాకేసి చూశాడు. నేను అమ్మకేసి చూశాను. ఇంకో కీర్తన వాయించాడు. నాన్న మాట్లాడలేదు. ఇంకోటి. మాట్లాడలేదు. మధ్యలో ఒకసారి కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు.

"ఒలే, కళ్ళు తుడుసుకుంతన్నారే మీ నాన్న!" అంది అమ్మ నా చెవిలో. తుడుచుకున్నది కళ్ళజోడని నేను చూశాను. అమ్మకి అలా చెప్పబుద్ధి కాలేదు. అన్నయ్య గంటసేపు వాయించాడు. నాన్న గంటసేపూ ఏమీ అనలేదు. ఆ పూట అమ్మ నెయ్యి డబ్బా తీసి అన్నయ్య అన్నంలో ధారగా పోసింది.

శుక్రవారం వరహాలు వచ్చి మా నిర్ణయం విని నెత్తి కొట్టుకున్నాడు. "ఒంటి కాయిలు ఫజ్‌కి పనికిరాదురా బావా! పిల్లి తోక తొక్కినట్టు ఉంతాది. పెళ్ళిళ్ళు ఏటి సేత్తావు?"

"పెళ్ళిళ్ళు ఇంకా శానా ఉంతాయిరా. మా నాన్నకి ఈస్టరు ఒక్కటే ఉన్నాది," అన్నాడు అన్నయ్య.

వరహాలు జంట కాయిలు పికప్పుని కాగితంలో చుట్టి జేబులో వేసుకుని, మర్నాడు మద్రాసు ఓడెక్కేశాడు. వాడు చెప్పినట్టే అయింది. గాజువాకలో ఒక పెళ్ళిలో ఫజ్ వెయ్యగానే గిటారు కీచుమని, పెళ్ళికొడుకు తాలూకువాళ్ళు చెవులు మూసుకున్నారు. ఆర్కెస్ట్రావాళ్ళు ఇంకొకణ్ణి పెట్టుకున్నారు. అన్నయ్య ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, నాకు మార్కెట్లో తెలిసింది. ఇంటికొచ్చి చూస్తే వాడు కీర్తన సాధన చేస్తూ ఈల వేస్తున్నాడు. ఇక ఏమంటాం?

ఈస్టరుకి ముందు వచ్చే నలభై దినాల శ్రమల కాలం వాడికి సాధనతోనే గడిచింది. గుడిలో రొద రాకుండా ట్యూబులైట్లన్నీ ఆర్పించడానికి ఒప్పించాడు, ఎర్తు వైరు తీసుకెళ్ళి బయట కుళాయి గొట్టానికి చుట్టాడు. దయారత్నం గారు చెవి ఆంప్లిఫయరుకి ఆనించి పరీక్ష చేసి, రొద లేదని ఒప్పుకున్నారు. ఈలోగా నాన్న వినికిడి ఇంకా తగ్గింది. నా మాట అసలు అందడం లేదు, ఎంత గొంతు చించుకున్నా. అన్నయ్య మాట ముఖం చూస్తే సగం అందేది. అమ్మది మాత్రం మగగొంతు, వంటింట్లోంచి గొణిగినా ఆయన "ఏటే?" అని పలికేవాడు. "పెళ్ళాం మాటైతే చక్కా ఇనపడుద్ది, ఇదేం సెవుడో!" అని అన్నయ్యా నేనూ ఏడిపిస్తే అమ్మ కొంగు మొహాన కప్పుకునేది. నవ్వులాటగా ఉండేది మాకు.

ఈస్టరు నాడు నాన్న తెల్లచొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. అందరికన్నా ముందు తయారై గుమ్మంలో నిలబడి "రండే, బెంచీ దొరకదు," అని తొందరపెట్టాడు. గుడిలో ఆడవాళ్ళు ఎడమవైపు, మగవాళ్ళు కుడివైపు కూర్చోవాలి. నాన్నకి చెవులు పోయినప్పట్నుంచీ ఆయన పక్కన కూర్చుని పాట నంబరు వేలితో చూపించడం నా పని. మొదట్లో దయారత్నం గారు గుర్రుగా చూసేవారు, తరవాత అలవాటుపడ్డారు. ముందు బెంచీలో, అన్నయ్యకి సరిగ్గా ఎదురుగా కూర్చున్నాం.

మూడో పాట అన్నయ్యది. పాస్టరుగారు పేరు చెప్పగానే జనంలో చిన్న గుసగుస. అన్నయ్య లేచి, నాన్నకేసి ఒకసారి చూసి, మొదలెట్టాడు.

ఎంత బాగా వాయించాడో నేను చెప్పలేను. ఒక్క స్వరం పక్కకి జరగలేదు. క్వయర్ పిల్లలు మెత్తగా పాడుతుంటే వాడి తీగలు వాళ్ళ గొంతుల పైన తేటగా నడిచాయి. ఆడవాళ్ళ వైపు అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. దయారత్నం గారు, ఆ దయారత్నం గారే, కళ్ళు మూసుకుని తల ఆడిస్తున్నారు. నేను గర్వంతో పొంగిపోతూ నాన్నకేసి తిరిగాను. ఆయన చెవి వెనక అరచెయ్యి దొప్పలా పెట్టుకుని, అన్నయ్యని చూస్తూ నవ్వుతున్నాడు. ఓపిగ్గా, ఎదురుచూస్తున్నట్టు. పాట అయిపోయింది. జనం "ఆమెన్" అన్నారు. గుడంతా ఒక్క క్షణం నిశ్శబ్దం.

నాన్న నాకేసి వంగాడు. గుసగుసలాడుతున్నాననుకున్నాడు పాపం. చెవిటివాళ్ళ గుసగుస ఎలా ఉంటుందో తెలుసు కదా.

"ఏటే లీలా, ఆడింకా మొదలెట్టడేటి?"

గుడంతా వినపడింది. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. అన్నయ్య చెయ్యి తీగల మీద అలాగే ఉండిపోయింది.

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైపోయింది. నా సన్నగొంతు అందదు, అమ్మ లావుగొంతు అందుతుంది. సుత్తి చప్పుడు ముందు సన్నని శబ్దాల్నే తినేసింది, లావువి ఇంకా కాస్త మిగిల్చింది. ఆ సాయంత్రం వరండాలో నాన్న తిట్టాడంటే విన్నాడన్నమాట. మర్నాడు గంటసేపు తిట్టలేదంటే, గంటసేపూ ఆయనకి ఒక్క ముక్క వినపడలేదన్నమాట. ఎవరో ఒకరం, "నాన్నా, ఇనపడతన్నాదా?" అని అడగొచ్చు కదా! అడగలేదు. ఆయన్ని అడిగే అలవాటు మాకు లేదు. మౌనం చూసి మురిసిపోయి, అన్నంలో నెయ్యి పోసుకున్నాం. ఛీ, ఏం మనుషులం!

అన్నయ్య నాకేసి చూశాడు. వాడికీ అర్థమైంది.

వాడికి ఇచ్చింది ఒక్క పాట. అది అయిపోయింది, గిటారు కింద పెట్టి వచ్చేయాలి. కానుకల పాట మొదలైంది, హార్మోనియం ఎత్తుకుంది, సంచులు బెంచీల వెంట నడుస్తున్నాయి. అన్నయ్య కదల్లేదు. వంగి గిటారు మీద టోను మర, సన్నని శబ్దాల్ని కోసేసేది, పూర్తిగా కిందికి తిప్పేశాడు. ఆంప్లిఫయరు వాల్యూం ఎంత ఉంటే అంతా పైకి తిప్పేశాడు. తిప్పేసి, లావు తీగల మీద కింది స్వరం అందుకున్నాడు. క్వయర్లో నాన్న పాడే స్వరం.

ఆంప్లిఫయరుకి అంత శక్తి ఎక్కడిది? గొంతు పగిలిపోయి గరగరమంది. ఏ గుడిలోనూ ఎవరూ వినని మోత. కిటికీ అద్దాలు టకటకలాడాయి, చంటిపిల్లలు కెవ్వుమన్నారు. కానుక సంచి పట్టుకున్నాయన నిలబడిపోయాడు.

నాన్న మెడ నిటారుగా లేచింది. అరచెయ్యి చెవి మీంచి దిగిపోయింది.

"అద్గదీ!" అని కేకేశాడు. "మావోడే! లీలా, మనోడే!"

నా మోకాలి మీద చేత్తో తాళం వేశాడు. వేస్తూ వేస్తూ నోరు తెరిచి పాడాడు. ఎన్నాళ్ళకో! అన్నయ్య తీగ ఎక్కడుంటే నాన్న గొంతు అక్కడుంది, వెంట్రుకవాసి తేడా లేదు. నేను ఏడ్చేశాను. అన్నయ్య కూడా ఏడుస్తూనే వాయిస్తున్నాడు, నాన్న మీంచి కళ్ళు తిప్పడం లేదు.

రెండు వరసలు. రెండే రెండు. దయారత్నం గారు విసవిసా నడిచొచ్చి గోడ దగ్గర ప్లగ్గు పీకేశారు.

ఆయన్ని అనుకుని లాభం లేదు, ముందే చెప్పారు. ఆ వారమే కమిటీ కూర్చుని గుడిలో ఎలక్ట్రిక్ గిటారు మాటే ఎత్తకూడదని తీర్మానించింది. మద్రాసులో జంట కాయిలు ఎప్పుడో చేతులు మారిపోయింది. వరహాలు ఇంకొకటి తెచ్చేసరికి మళ్ళీ దసరాలొచ్చాయి, అప్పటికి నాన్నకి అమ్మ గొంతు కూడా అందడం మానేసింది. ఈ మధ్యలో ఉన్నదాంతోనే ఇంట్లో వాయించరా, మర తిప్పి వాయించరా అని నేనెంత పోరినా అన్నయ్య గిటారు ముట్టలేదు. "గుడిలో ఇంతానన్నాడు," అనేవాడు. నా మాట విని ఒక్క సాయంత్రం వాయించి ఉంటే ఏం పోయేది? ఆ మొండితనం వాడిది నాన్న పోలికే. తలుచుకుంటే వాణ్ణి కొట్టాలనిపిస్తుంది, పట్టుకుని ఏడవాలనీ అనిపిస్తుంది.

కానీ ఆ పూట ఆ బెంచీ మీద ఇవేవీ తెలీవు కదా. అన్నయ్య ప్లగ్గులేని గిటారు పట్టుకుని నిలబడి ఉన్నాడు. జనం హార్మోనియంతో పాట సాగిస్తున్నారు, అది నాన్నకి వినపడదు. ఆయన ఇంకో సగం వరస ఒక్కడే పాడి, తీగ కోసం ఆగాడు. నా మోకాలి మీద తాళం ఆగింది. ముందు అన్నయ్యకేసి చూసి, తరవాత నాకేసి చూశాడు.

"ఆపీసినాడేటే? ఇప్పుడే గదా మొదలెట్టినాడు!"

ఏం చెప్పను? మీ అబ్బాయిని ఆపేశారని చెప్పనా? ఆయన చెవి దగ్గరికి వంగి, నాకు చేతనైనంత బొంగురుగా, అమ్మలాగా, "కరెంటు పోయింది నాన్నా," అన్నాను.

ఎన్నో ఏళ్ళ తరవాత నా మాట నాన్నకి మొదటిసారికే వినపడింది. "అలాగేటి," అన్నాడు. అని, తల పైకెత్తాడు. మా నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. నాన్న దానికేసి కాసేపు చూసి, నా మోకాలి మీంచి చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.